ఎనిమిది సీట్ల బండి

బోధన్,
ఫిబ్రవరి 2004

తమ్ముడు ఆత్మారాంకు,

నా దగ్గరున్నటువంటి పెద్ద బండి కొనాలా వద్దా అని అడిగావు. అలసటతో జవాబు ఆలస్యమైంది.

బండికి వంక పెట్టలేను. వెనక సీటు దాకా ఏసీ చల్లగా తగులుతుంది. గుంతల రోడ్డు మీద కూడా నడుం పట్టదు. మా గల్లీ మూలమీద ఒక్కసారికి తిరగదు, చెరుకు లారీల మధ్య ఇరుక్కుంటుంది, చివరి సీట్లో పిల్లలకు వాంతులవుతాయి. అవన్నీ సర్దుకోవచ్చు. అసలు లోపం ఎనిమిది సీట్లుండడమే. చిన్న కారున్నవాడు జాగ లేదని తప్పించుకుంటాడు. నాకు ఆ మాట అనే వీలు లేదు.

కొన్న నెలలోనే పక్కింటి బాలనర్సయ్య పోయాడు. ఆయన అస్థికలు కందకుర్తి దగ్గర గోదావరిలో కలపడానికి ఆ ఇంటివాళ్లను నేనే తీసుకెళ్లాను. అప్పటినుంచి వాడకట్టులో ఎవరు పోయినా నా గుమ్మం ముందుకే వస్తున్నారు. కాదనలేక రెండేళ్లలో పద్నాలుగు సార్లు పోయొచ్చాను. పెళ్లికి మాత్రం ఒక్కరూ అడగరు.

నిన్న మన అవ్వను కంటి డాక్టరుకు చూపిద్దామని, నిజామాబాద్ పోవడానికి బండి తలుపు తీసి పట్టుకున్నాను. అవ్వ ఎక్కలేదు.

"గా బండ్ల నన్నెందుకు ఎక్కిస్తున్నవ్ కొడుకా? నేనింకా బతికే ఉన్న గద!" అన్నది.

బస్సుకే పోతానని బయల్దేరింది. మీ వదినను తోడు పంపి, ఏడు సీట్లు ఖాళీగా పెట్టుకొని బస్సు వెనకాలే నడిపాను. అది ఆగిన ప్రతి స్టేజీ దగ్గరా నేనూ ఆగాను.

కొనుక్కో తమ్ముడూ. మొదట ఎవరికోసం తలుపు తీస్తావో మాత్రం చూసుకో.

మీ అన్న