చచ్చినవాడికి సెలవు

పానెమోస్ నెల, 3

ఇవాళ మా తమ్ముడి ఉత్తరం వచ్చింది. నాకు కాదు, కోట దళవాయి పొలీక్లెస్‌కి. మా అన్న దెర్దాస్ మీ దగ్గర చనిపోయాడని రెండేళ్ల కిందట కబురందింది, కర్మలన్నీ చేశాం, సమాధి రాయి నిలబెట్టాం, కనీసం ఎముకలైనా పంపించగలరా అని రాశాడు. దళవాయి అది అందరి ముందూ చదివి నా కుంటి మోకాలి వైపు చూశాడు. ఎముకలు ఇంకా వాడకంలోనే ఉన్నాయని రాసెయ్యనా ఒరేయ్ అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

పొరపాటు ఎక్కడ జరిగిందో తెలుసు. మా దళంలో దెర్దాస్‌లు ఇద్దరం. ఇద్దరి తండ్రుల పేర్లూ ఒకటే. తాత పేరే మనవడికి పెట్టుకుంటూ పోతాం కాబట్టి మాసిడోనియాలో పేర్లకు ఎప్పుడూ కరువే. చలిజ్వరంతో పోయింది పొడుగు దెర్దాస్. హాజరుపట్టీ రాసే హెర్మోన్ ఊరి పేరు వెయ్యలేదు, కబురు మా ఇంటికి వెళ్లింది.

నవ్వులు ఆగాక గాని అసలు సంగతి తట్టలేదు. కర్మ జరిగిపోయినవాడు బతికుంటే వాడు మైల. చచ్చినవాళ్లలోనూ లేడు, బతికినవాళ్లలోనూ లేడు. నా పక్కన కూర్చున్నవాడు మెల్లగా తన గిన్నె అవతలికి జరుపుకున్నాడు.

పానెమోస్ 4

ఎవరూ నాతో కలిసి తినలేదు.

పానెమోస్ 9

గుడి గడప తొక్కొద్దన్నారు. కాపలా డ్యూటీ తీసేశారు. మంచు కొండల్లో నా కంబళిలో దూరి పడుకున్న వెధవలే ఇప్పుడు నా నీడ పడితే ఉమ్ముతున్నారు. జరీన ఒక్కతే మామూలుగా ఉంది. ఇక్కడిదే, ఈ బాక్ట్రియా దేశపు పిల్ల, నాలుగేళ్లుగా నాతో ఉంటోంది. చచ్చినవాడు ఐదు రొట్టెలు తింటాడా, మీవాళ్లకి పిచ్చి పట్టింది అని ఆరోది వేసింది.

అదే రోజు, సాయంత్రం

రాజు ఆజ్ఞ వచ్చింది! సముద్రం దాటి పదేళ్ల సర్వీసు నిండినవాళ్లు ఇంటికి పోవచ్చు. లోయోస్ నెల పదో తేదీన బిడారు కదులుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టాను. నాకు పదేళ్లూ నిండి రెండు నెలలు.

హెర్మోన్ దగ్గరికి పరుగెత్తాను, కుంటుకుంటూనే. వాడు తలెత్తలేదు. అన్నా, చచ్చినవాణ్ణి లిస్టులో ఎలా ఎక్కించను, పైవాళ్లు నా తోలు ఒలుస్తారు, కాస్త దూరంగా నిలబడు అన్నాడు. తప్పు రాసింది వాడే!

పానెమోస్ 15

నిద్ర లేదు, పని లేదు. రాయడం ఒక్కటే.

అలెగ్జాండర్ రాజుతో సముద్రం దాటినప్పుడు నాకు పందొమ్మిది. ఆయన ఒడ్డు చేరకముందే పడవలోంచి ఈటె విసిరి ఆసియా నాది అన్నాడు. మేం కేకలు పెట్టాం. ఆసియా అంటే నాలుగు కొండలు దాటితే అయిపోతుంది కాబోలు అనుకున్నాను. దీవి మీదున్న తూర్ పట్టణానికి బాట వెయ్యడానికి ఏడు నెలలు సముద్రంలో రాళ్లు పోశాను. గౌగమేల యుద్ధంలో పారసీక చక్రవర్తి రథం వెనక్కి తిరగడం చూశానని అందరికీ చెప్పుకుంటాను. నిజానికి ఆ దుమ్ములో నేను చూసింది నా ముందువాడి వీపు. తర్వాత ఈ కొండల్లో ఒక కోట ఎక్కుతూ మోకాలు పగలగొట్టుకున్నాను. రాజే స్వయంగా చూడ్డానికి వచ్చాడు. దెర్దాస్ అని పేరు పెట్టి పిలిచాడు. ఏ దెర్దాస్ అనుకున్నాడో.

నాలాంటి కుంటివాళ్లని, గుడ్డివాళ్లని రెండు వందల మందిని ఇక్కడ వదిలి, గోడ కట్టుకోండి, ఇక ఇదే మీ ఊరు అని ఇండియా మీదికి పోయాడు. అక్కడ ఏనుగులతో యుద్ధం చేశాడట. చివరికి ఒక నది దగ్గర సైన్యం మొండికేసింది. మూడు రోజులు డేరాలో అలిగి కూర్చుని, వెనక్కి తిరిగాడట. అంతటివాణ్ణి తిప్పడానికి అంతమంది కలిశారు. నా కోసం మొండికేసేవాడు ఒక్కడూ లేడు.

ఆయన్ని నోరారా తిట్టాలని ఉంటుంది. రేపు వచ్చి రారా అంటే మళ్లీ వెనకే పోతాను. నా కోపమంతా దాని మీదే.

పానెమోస్ 22

దళవాయి పిలిపించాడు. ఎంత ఆప్యాయత! దీనికి జోస్యం చెప్పే దెల్ఫీ దేవుడు ఎప్పుడో విరుగుడు చెప్పాడురా, మళ్లీ పుడితే సరి అన్నాడు. ఆడవాళ్లు పురిటి స్నానం చేయించి, పొత్తిగుడ్డల్లో చుట్టి, చనుబాలు పట్టాలి. ఏడో రోజున తండ్రి ఎత్తుకుని పొయ్యి చుట్టూ తిప్పాలి. తండ్రిగా నేనుంటాలే, నువ్వు నాకు కొడుకువి కావూ అన్నాడు. చేతులు పట్టుకోబోయాను. మైల కదా, వెనక్కి జరిగాడు.

బతికాక వెళ్లిపోతావా అని జరీన అడిగింది. నేను చెప్పు పట్టీ సరిచేసుకుంటూ కూర్చున్నాను. నన్నూ తీసుకుపోతావా అని అడగలేదు. అడిగితే అబద్ధమైనా చెప్పేవాణ్ణి.

లోయోస్ నెల, 1

పుట్టాను.

జరీన వేణ్ణీళ్లు పోసింది, కావాలనే కాస్త ఎక్కువ వేడిగా. వంటవాడి పెళ్లాం బాలింత. రొమ్ము ఇవ్వనంది, గిన్నెలోకి పాలు పిండి ఇచ్చింది. ఆమె మొగుడు కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇంత గడ్డంతో పుట్టాడేమిటమ్మా, మేనమామ పోలికా అని ఎవడో అరిచాడు. అయినా పాలు మింగగానే ఒక్కొక్కడే వచ్చి నా నుదురు తాకాడు. నెల రోజులయింది నన్ను మగవాడి చెయ్యి తాకి. ఏడుపు ఆగలేదు.

ఏడు రోజులు చుట్టిన గుడ్డ విప్పకూడదట. రాసుకోవడానికి జరీన ఒక చెయ్యి వదిలించింది.

లోయోస్ 7

దళవాయి నన్ను ఎత్తుకుని రొప్పుతూ కోట పొయ్యి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. అందరూ ఈలలు. దించకముందే ఆయన చెవిలో అడిగాను, ఇప్పుడు లిస్టులో ఎక్కించండయ్యా అని.

దించి, హెర్మోన్‌ని చదవమన్నాడు. పుట్టిన చోటు ఈ కోట. తండ్రి పొలీక్లెస్. సర్వీసు ఏడు రోజులు.

పరాచికం అనుకున్నాను. దళవాయి నవ్వలేదు. రెండు వందల మందిమి డెబ్భైకి వచ్చాం, బిడారుతో ఇంకో పదకొండు మంది పోతున్నారు, ఈ గోడ మీద ఎవరు నిలబడతారు అన్నాడు. మళ్లీ పుడతానంటే పుట్టించాను, నిన్నేమైనా మోసం చేశానా అన్నాడు. పదేళ్లు నిండగానే నా చేత్తో ముద్ర వేస్తాను, అందాకా తండ్రి మాట వినాలి నాన్నా అన్నాడు.

పాత దెర్దాస్‌నే అంటే చచ్చినవాణ్ణి. కొత్తవాణ్ణి అంటే వారం పిల్లాణ్ణి. ఎటు తిరిగినా గోడే. హెర్మోన్ నా కళ్లలోకి చూడలేక కలం గీక్కుంటూ కూర్చున్నాడు.

నా పదో రోజు

పదో రోజున పేరు పెట్టాలి కాబట్టి పొద్దున్నే అందరూ చేరారు. బిడారు అప్పుడే కదిలింది. ఒంటెల గంటలు వినబడినంతసేపూ గుక్కపట్టి ఏడ్చాను.

బిడ్డకి గొంతు బాగుందని అందరూ సంతోషించారు.