చెయ్యి తీసిందెప్పుడు

తమ్ముడూ, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మోకాళ్లతో సహా. దిగులు పడకు.

మన పెద్దమ్మాయి ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అని నిన్న యూనివర్సిటీ పెద్దలు కూర్చున్నారు. పాఠం ఎలా చెప్పాలో పరిశోధించడం ఆమె పని. అదీ ఒక చదువేనా అని నువ్వూ నేనూ నవ్వుకున్నదే. నిన్న లెక్కల ప్రొఫెసరూ అదే నవ్వు నవ్వాడు. అమ్మాయి బయట కూర్చున్న నన్ను లోపలికి పిలిచి, తను తెమ్మన్న నా చిత్రిక ఆయన చేతికి ఇప్పించింది. మనం పని నేర్పేటట్టే ఆయన చేతి మీద నా చెయ్యి వేసి చెక్క మీద తోయించాను. “అంత బిగపట్టకండి సారూ, అదేం పారిపోదు” అన్నాను. కిటికీ ఎండలో చెక్క పొర చుట్టలు చుట్టుకుంటూ, కలలోలాగా నెమ్మదిగా లేచింది. కాసేపటికి చూస్తే ఆయన ఒక్కడే తోస్తున్నాడు.

“నాన్నా, చెయ్యి ఎప్పుడు తీశావు?” అంది అమ్మాయి.

నలభై ఏళ్లు పని నేర్పినవాణ్ణి, చెప్పలేకపోయాను.

“మా శాఖ వెతుకుతున్నది అదేనండీ” అంది వాళ్లతో. ఎవరూ నవ్వలేదు. ఉద్యోగం ఖాయమైంది.

అక్కడున్న మీ వదినకు ఇది చదివి వినిపించు. టేకు చెక్కలు ఎండలో వదిలేశావా? నీడకు మార్చు. మరదలికీ పిల్లలకూ నా దీవెనలు.

ఇన్నాళ్లూ నా కార్డులు అమ్మాయే రాసేది. ఈమధ్య ఆమె దగ్గర అక్షరాలు దిద్ది, ఇది నేనే రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమె చెయ్యి నా చేతి మీదే ఉంది. ఇప్పుడు తలెత్తితే కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఏ మాట దగ్గర తీసిందో నాకు తెలియలేదు.

అన్న