నేను ప్రశ్నలు మానేసిన వారం

సోమవారం, పొద్దున

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తుంటే కోడలు రాస్తోంది. మెరుగులు దిద్దొద్దని ముందే చెప్పాను.

సంగతి ఇది. మనవరాలికి పందొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. చిన్నప్పటి నుంచీ ఉన్నదే, దానికి మాకు బెంగ లేదు. బెంగల్లా, నెల్లాళ్లుగా కాలేజీకి వెళ్లదు, గదిలోంచి రాదు, ఎందుకో చెప్పదు. ఫోన్‌లో ఒక కౌన్సెలింగ్ అమ్మాయి దొరికింది. మూడే మూడు పాఠాలు, ఒక్కోటి అరగంట. అరగంటలో మనసు కుదుటపడుతుందట. నా మోకాళ్లు లేచి నిలబడటానికే అంత పడుతుంది.

మొదటి పాఠంలో పిల్ల చెప్పిందట: "ఇంట్లో ప్రశ్నలెక్కువ. ఒకదానికి జవాబు వెతుక్కునేలోపు ఇంకోటి మీద పడుతుంది. ఇక నోరు రాదు."

కోడలు నా వైపు చూసింది.

సరే. ఈ వారం నా నోట ఒక్క ప్రశ్న రాదు. ఎవరినీ అడగను. అడిగితే నన్ను పేరు మార్చి పిలవండి.

సోమవారం, మధ్యాహ్నం

బ్రహ్మాండం. తలుపు దగ్గర నిలబడి, "అన్నం ఉంది. కూర ఉంది. నేనూ ఉన్నాను" అన్నాను. లోపల్నుంచి "తెలుసు" అంది. నెల తర్వాత నాకు దక్కిన మొదటి మాట!

మంగళవారం

ఇవాళ మింగినవి: తిన్నావా, పడుకున్నావా, తల దువ్వుకున్నావా, ఎవరేమన్నారు. కడుపు ఉబ్బరం.

బుధవారం

"నువ్వు తిని ఉండవు" అన్నాను. అది ప్రశ్న కాదు. తలుపు సందులోంచి, "నాన్నమ్మా, అడక్కుండా అడుగుతున్నావు" అంది. కోడలు నవ్వింది. నవ్వావని కూడా రాయమ్మా.

ఎందుకింత ఆలస్యమని పాలవాణ్ణి అడిగాను. పాలవాడు లెక్కలోకి రాడు.

గురువారం

రెండో పాఠం. నేను తలుపు బయట నేల తుడుస్తున్నాను. నేల మాసింది, అంతే. లోపల ఏమంటున్నారని కోడల్ని గుసగుసగా అడిగాను. గుసగుసగా అడిగితే అది సగం ప్రశ్నే.

శుక్రవారం, సాయంత్రం

కొంప మునిగింది. మా ఆడపడుచు దిగింది. మంచినీళ్లకని బయటికొచ్చిన పిల్ల ఆవిడకి దొరికిపోయింది.

"ఏమే, కాలేజీ మానేశావటగా? ఎందుకే? నా మొహం చూసి మాట్లాడవేం? ఇలాగైతే రేపెలా బతుకుతావు?"

పిల్ల గ్లాసు పట్టుకుని కొయ్యబారిపోయింది.

నేను ఓర్చుకున్నాను. ఒక్క క్షణం.

"వదినా, నీ కొడుకు ఉద్యోగం ఊడి ఎన్నాళ్లయింది? నీ కోడలు నీతో ఎందుకు మాట్లాడదు? ఆ జుట్టుకి రంగెవరు వేశారు? పోయినసారి పట్టుకెళ్లిన నా గొడుగేది?"

వదిన టీ తాగకుండానే చెప్పులేసుకుంది. ఇటు తిరిగేసరికి పిల్ల గది తలుపు మూసి ఉంది.

శనివారం

"పిల్ల కోసమే కదా అత్తయ్యా అరిచారు" అంటుంది కోడలు. పిల్లకి మాత్రం రెండు వైపుల నుంచీ అరుపే. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. ఆగలేకపోయాను. తలుపు బాదాను. నా మీద కోపమా? ఆకలి లేదా? ఎవరేం చేశారే నిన్ను? కనీసం "ఊ" అనవా?

అనలేదు.

ఆదివారం, మధ్యాహ్నం

మళ్లీ మొదటి రోజు. ఈసారి నా నోటి మీద నాకే నమ్మకం లేదు. పుక్కిట నీళ్లు పట్టి, తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. పిల్ల గుమ్మంలో చతికిలబడి, గోడకేసి చూస్తూ చెప్పింది. క్లాసులో నలుగురు తను మాట్లాడినట్టే మాట్లాడి చూపించి నవ్వుతారట. రోజూ. ఒకసారి టీచరమ్మ కూడా నవ్విందట.

ఎవరు వాళ్లు, ఎవరి పిల్లలు, ఆ టీచరమ్మ ఇల్లెక్కడ? అన్నీ నీళ్లలోనే గుడగుడలాడాయి.

పిల్ల ఆగింది. "నాన్నమ్మా, నువ్వేం అడగవా?"

బుగ్గల నిండా నీళ్లు. తల అడ్డంగా ఊపాను.

"అయితే మిగతాది కూడా చెప్తాను" అంది.