చివరి విభాగం మొత్తం

అక్కా,

నువ్వు ఇక్కడ పనిచేసిన రోజుల్లో ఆర్‌పీజీ కంప్యూటర్ భాషలో రాసిన ఓవర్‌టైం రిపోర్టు ప్రోగ్రాంను కొత్త ఫ్రీఫామ్ పద్ధతిలోకి మార్చేశాం. మా మేనేజరు దాన్ని చెత్త అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అందులో రికార్డులు చదవమని నువ్వెక్కడా రాయలేదు. ఆ భాషలోనే ఉండి దానంతటదే తిరిగే పాత సైకిలే ఒక్కొక్కటీ చదివి, విభాగం మారగానే ముగిసినదాని గంటల మొత్తం వేసి, రికార్డులు అయిపోగానే చివరి విభాగానికీ వేసేది. ఇప్పుడదంతా మనమే రాయాలి. మేమేమో విభాగం మారితేనే మొత్తం వెయ్యమన్నాం. చివరిదాని తర్వాత మారడానికి ఏముంది? చివర ఉన్న ఆసుపత్రి పారిశుద్ధ్య కార్మికుల ఓవర్‌టైం గంటలు రిపోర్టులోంచి ఎగిరిపోయాయి.

"ఒక్క విభాగమే కదండీ, వచ్చే నెల చూద్దాం" అన్నాడు మేనేజరు.

"అయితే ఈ నెలకు మీ విభాగాన్ని చివర పెడదామా?" అన్నాను.

"అమ్మా తల్లీ, మార్చుకోండి!"

రికార్డులు చదివే లూప్ అయ్యాక ఇంకోసారి మొత్తం వేయించాం. వాళ్ల గంటలు వాళ్లకు వచ్చాయి. హాయిగా ఉంది.

అడక్కుండా జరిగిపోయే పని ఎవరి కంటికీ ఆనదు, అక్కా. అందుకే ప్రోగ్రాం పైన, రాసినవాళ్ల పేరుండే ఖాళీలో, నీ పేరు పెట్టాను. వద్దని జవాబు రాయకు, ఇప్పటికే ఎక్కించేశాను.

పోట్లాట మానని
నీ చెల్లెలు