జారని నేల

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అల్లుడికి దగ్గు తగ్గింది, పిల్లదానికి పరీక్షలు అయిపోయాయి. నువ్వూ, చెల్లీ, మరిదిగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కర్ర లేకుండా వంటింటి దాకా నడిచావని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను.

పోయిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. కుట్టుమిషన్ కిటికీ పక్కకి మార్చాను, ఇప్పుడు వెలుతురు బాగా పడుతోంది. నీ పరుపు ఎండలో వేయించి కొత్త గలీబు తొడిగాను. ఇక, "నేలకి ఏం వేయిస్తున్నావు, మా తమ్ముడి కొట్లోనే తీసుకున్నావు కదా" అని అడిగావు. దానికి జవాబు ఒక్క మాటలో అయ్యేది కాదు. కూర్చుని నింపాదిగా చదువు.

తీసుకోలేదు. మామయ్య ఊరికే ఇస్తానన్నా తీసుకునేదాన్ని కాదు.

నువ్వు జారిపడిన రోజు ఆస్పత్రి వరండాలో ఆయన ఏమన్నాడో నీకు తెలియదు. నిన్ను అప్పుడే లోపలికి తీసుకెళ్ళారు. చుట్టాలంతా గోడవారగా నిలబడి ఉన్నారు. చేతిలో టీ గ్లాసు పట్టుకుని, "మా అక్క నడకే అంత. చూపొక చోట, కాలొక చోట," అన్నాడు. కొట్లో అమ్ముడుపోక మూలపడి ఉన్న తెల్ల టైల్స్ తెచ్చి మన ఇంటికి అంటగట్టినవాడు ఆ మాటన్నాడు. వాటి మీద చుక్క నీరు పడితే పక్కింటి పిల్లి కూడా దారి మార్చుకునేది. తుంటి విరిగింది నీకు, నోరు లేచింది ఆయనకి. ఆ మాట ఆయన చేతే మింగించాలని ఆ వరండాలోనే అనుకున్నాను. ఈ ఏడు నెలలూ ఏ బట్ట కుడుతున్నా నా మనసు దాని మీదే ఉంది.

అందుకే మామయ్య కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉన్న కొట్టుకి వెళ్ళాను. ఇలాంటివి ఊళ్ళో ఇంకా ఉన్నాయి. కావాలనే అక్కడికి వెళ్ళాను. ఆయన గల్లాపెట్టె మీంచి తలెత్తితే నేనే కనిపించేలా గుమ్మంలో కుర్చీ వేయించుకున్నాను.

షాపావిడ చెక్కలా కనిపించే పలక ఒకటి తెచ్చింది. "దీన్ని లగ్జరీ వినైల్ అంటారమ్మా, ఒక రకం ప్లాస్టిక్. పేరు చూసి బెదిరిపోకండి, చెక్క ధరలో సగం కూడా ఉండదు."

"పేరు సంగతి అలా ఉంచండి. తడిస్తే జారుతుందా?"

"నేను చెబితే ఏం నమ్ముతారు? చెప్పులు విప్పి ఎక్కండి," అని చెంబుడు నీళ్ళు పోసింది.

ఎక్కి చూశాను, జారలేదు. గరుకుగా ఉన్న రకాలూ చూశాను, నున్నగా ఉన్నవీ చూశాను. పలక పైన కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుందట. నేల ఎన్నేళ్ళు అరగకుండా ఉంటుందో దాని మందాన్ని బట్టేనట. మరీ చవక రకంలో అది ఉల్లిపొరలా ఉంది, తాళంచెవితో గీస్తే చార పడింది. మధ్యరకం మీద పడలేదు. అది మన అందుబాటులోనే ఉంది. అయినా తొందరపడలేదు. గుడ్డ కొనేటప్పుడు పువ్వు ఎన్ని అంగుళాలకి మళ్ళీ వస్తుందో చూస్తాను కదా, అలాగే పలకలన్నీ వరసగా పరిపించి చూశాను. ఒక రకంలో ఒకే చెక్కముడి ప్రతి మూడో పలకలోనూ వచ్చింది, అచ్చు అద్దకపు చీరలా. అది వద్దన్నాను. ముదురు రంగులూ వద్దన్నాను. నా చేతిలోంచి గుండుసూది పడితే నీ కాలికి దొరక్కముందే కంటికి కనిపించాలి. చివరికి ముడులు లేని లేత గోధుమరంగు తీసుకున్నాను. పొద్దుటి వెలుతురులో ఎక్కడా మెరవదు.

ముప్పావుగంటలో అయ్యే ఈ పనికి మూడు రోజులు వెళ్ళాను. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

మూడో రోజు మామయ్య రోడ్డు దాటి వచ్చాడు. "ఏమే, మన కొట్టు కనబడలేదా నీకు?"

"కనబడింది మామయ్యా. నా చూపూ కాలూ ఒకే చోట ఉంటాయి."

ఆయన మొహంలో రంగు మారింది. వచ్చినట్టే రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. నాకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. పాత టైల్స్ పగలగొట్టించి, ఆ ముక్కలన్నీ ట్రాలీ ఆటోకెత్తించి, ఆదివారం పొద్దున పదింటికి, సరిగ్గా బేరాలు జోరుగా ఉండే వేళ, మామయ్య కొట్టు ముందు కుమ్మరించాను. వీధి వీధంతా తిరిగి చూసింది.

"మీ సరుకు మీకే. మా అమ్మ తుంటి కూడా ఇందులోనే ఉంది, ఏరుకోండి," అన్నాను. ఆయన్ని 'మీరు' అని పిలిచింది అదే మొదలు.

కొనడానికి వచ్చిన ఇద్దరు మెల్లగా జారుకున్నారు. మామయ్య అరుస్తాడనుకున్నాను. అరిస్తే అనడానికి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. ఆయన దగ్గరికి వచ్చి, నాకు తప్ప ఎవరికీ వినబడకుండా, "మేస్త్రి నీకు చెప్పలేదా?" అన్నాడు.

ఆటో ఎక్కి వచ్చేశాను.

అమ్మా, ఇక్కడి నుంచి రాయడానికి రెండు రోజులు పట్టింది. చెప్పాడు. మేస్త్రి నాకు చెప్పాడు. టైల్స్ పరిచే రోజు నువ్వు బజారుకి వెళ్ళావు. అతను పెట్టె తిప్పి, మీదున్న అక్షరాలు చూపించి, "అమ్మా, ఇవి గోడకి వేసేవి. నేలకి వేస్తే తడిలో జారతాయి. మార్చుకొస్తారా?" అని అడిగాడు. బడులు తెరిచే రోజులవి, యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. మార్చాలంటే ఇంకో వారం మిషన్ ఆగిపోతుంది. పైగా, కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళు ఆ తెలుపు చూసి మెచ్చుకుంటారని నా ఆశ. "వేసేయండి, మేమే చూసుకుని నడుస్తాంలే," అన్నాను.

చూసుకుని నడవాల్సిన మనిషివి నువ్వు. నీకు మాత్రం చెప్పలేదు.

నువ్వు పడ్డ వారంలోనే మేస్త్రి ఈ సంగతి మామయ్యతో అన్నాడట. ఇన్ని నెలలుగా ఆయనకి తెలుసు. నీ దగ్గర ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఆ మంచితనం నాకు ఆయన వరండాలో అన్న మాటకంటే ఎక్కువగా గుచ్చుకుంది. ఆయన మీద కోపం ఇంకాస్త పెరిగింది కూడా. నా కోపం ఎలాంటిదో చూడు.

తరవాతి ఆదివారం అదే వేళకి మళ్ళీ వెళ్ళాను. టైల్స్ చూస్తున్న మొగుడూ పెళ్ళాం, ఇద్దరు మేస్త్రీలు, మామయ్య ఉన్నారు. ఆయన మీద మాట పడింది వీధిలో కాబట్టి నాదీ వీధిలోనే చెప్పాలనుకున్నాను.

"మామయ్యా, ఆ తెల్ల టైల్స్ గోడకి వేసేవని మేస్త్రి నాకు చెప్పాడు. అయినా వేయించాను. ఇది నా తప్పు. నీ తప్పేమిటో నువ్వు చెప్పు, వీళ్ళంతా వినేలా."

ఆయన పెట్టెల దొంతి మీద కూర్చున్నాడు. "గోడవని తెలిసే ఇచ్చాను. కొట్లో జాగా ఖాళీ అవుతుందని ఇచ్చాను."

"ఆస్పత్రిలో అన్న మాటో?"

"భయమేసి అన్నాను. అందరూ నా వైపే చూస్తున్నారనిపించింది."

"భయమైనా సరే, వెనక్కి తీసుకో."

"తీసుకున్నాను," అన్నాడు.

నాకు కావలసింది దొరికింది. సంతోషం కలగలేదని అబద్ధం రాయను, కలిగింది. ఇంటికొచ్చి నీ మంచం మీద కూర్చున్నాక మాత్రం, ఆ పగలో సగం నా వైపు చూసుకోకుండా ఉండడానికే పెంచుకున్నానని అర్థమైంది. మిగతా సగం ఆయనకి దక్కాల్సిందే. అది ఇప్పటికీ నాలో చల్లారలేదు.

వినైల్ నిన్నటితో పూర్తయింది. కింది సిమెంటు చదును చేయించి, తడి లేకుండా ఆరేదాకా ఆగి మరీ వేయించాను. ఈసారి పెట్టె మీద ఉన్న ప్రతి అక్షరం చదివాను. నీ మంచం నుంచి వంటింటికి, వంటింటి నుంచి స్నానాలగదికి నీళ్ళు చల్లి, ఉత్త కాళ్ళతో ఇరవైసార్లు నడిచాను. ఎక్కడా జారలేదు.

పొద్దున మామయ్య వచ్చాడు. చెప్పులు విప్పి గడప బయట నిలబడి నేల చూశాడు. లోపలికి రమ్మని నేను అనలేదు, ఆయనా అడగలేదు. కాసేపుండి వెళ్ళిపోయాడు. ఆయన్ని పిలవడం నా నోటితో అయ్యే పని కాదు, ఆ హక్కు నాకుందని కూడా అనుకోను. నువ్వు రా. ఆయనా నేనూ బయటే నిలబడతాం. ముందు నువ్వు లోపలికి నడువు, తరవాత మాలో ఎవర్ని పిలుస్తావో పిలువు.

ఇట్లు,
నీ కాళ్ళకు మొక్కుతూ,
నీ పెద్దమ్మాయి