ఈసారి అమ్మ వేసిన వేలిముద్ర

9 జూలై 1983, శనివారం

యాభైకి ముప్ఫై ఎనిమిది! పోర్టులో మా ఖలాసీల్లోంచి క్లర్కుల్ని తీసుకునే ఇంగ్లీషు పరీక్ష ఎల్లుండే. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పద్మ నెల రోజులుగా నాకు గ్రామరు, స్పెల్లింగు, కామాలు, ఫుల్‌స్టాపులు అన్నిట్లోనూ పరీక్షలు పెట్టి ఎర్ర పెన్సిలుతో దిద్దుతోంది. నాకు ఇరవై దాటడం ఇదే మొదటిసారి. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

పద్మ మాత్రం టీచరమ్మలా మొహం పెట్టి, "ఇంట్లో పెద్దోల సంతకం ఎట్టించుకు రా, నాన్నా" అంది.

ఇంట్లో పెద్దంటే మా అమ్మే. పెరట్లో చేపలు తోముతోంది. చదువు రాకపోయినా కాగితంలో ఎర్ర గీతలన్నీ వరసగా చూసింది. వేలికి సిరా రాద్దామని నేను పెన్ను విప్పాను.

"సిన్నప్పుడు మార్కులు తక్కువొత్తే నా ఏలిముద్ర నువ్వే ఏసుకునీవోడివి కదరా" అంది అమ్మ.

ఇన్నేళ్ళూ తనకు తెలీదనే అనుకున్నాను.

"ఈసారి నానే ఏత్తాను. ఇటియ్యి."

ముద్ర పక్కనే చేప పొలుసొకటి అంటుకుంది. తీయబుద్ధి కాలేదు.

ఎల్లుండి పరీక్ష తప్పితే అమ్మ దగ్గర ఇక దాచే దారి కూడా లేదు... అయినా ముప్ఫై ఎనిమిది!