నీలం తగ్గిన తెర

ఉదయగిరి,
మార్చి 4, 2025

ప్రియమైన అశ్వితకు, అక్క దీవెనలు.

మీ కంపెనీ నుంచి నువ్వు పంపిన వీడియో తెర ఆత్మకూరు చేరింది. డాక్టర్ సురేంద్రబాబు గారి బల్ల మీద బిగించారు. ఇక్కడ క్లినిక్‌లో నేను బిడ్డను కెమెరా ముందు పట్టుకుంటే, ఆయన అక్కడ చూసి మందు చెబుతారు. నా చెల్లెలి తెర అని మా క్లినిక్ నడిపే ట్రస్టు వాళ్ళను ఒప్పించింది నేనే కదా, కాస్త గర్వంగానే ఉంది.

మొదటి రోజే సీతారామపురం నుంచి మాలకొండమ్మ మనవణ్ణి తెచ్చింది. నలభై రోజుల పసివాడు, గుండెలో రంధ్రం. పెదవులు నీలంగా మారితే ఆ పూటే నెల్లూరు పెద్దాసుపత్రికి పంపాలని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే మిషన్ అంత చిన్న వేలికి నిలవడం లేదు. అందుకని ప్రతి మంగళవారం వాడి మూతి చూడటమే మా పని.

నువ్వడిగిన, తెర వెలుగు కొలిచే మీటరు అంకెల కాగితం బస్సు పార్శిల్లో పంపుతున్నాను, ఉత్తరం కూడా అందులోనే. ఫోన్లో నీకు 'ఊఁ' తప్ప మాట రాదు.

నీ మేలు కోరే
విజయక్క


చెన్నై,
మార్చి 17

ప్రియమైన అక్కా,

కాగితం చూశాను. వెలుగు పెరిగిందని కంగారు పడకు, మా తెరలు కొత్తలో అలాగే పుంజుకుంటాయి. లోపలున్నవి క్వాంటమ్ డాట్లు. కంటికి ఆనని రేణువులు, కరెంటు తగిలితే సైజును బట్టి ఒక్కోటి ఒక్కో రంగు వెలుగుతుంది. కరెంటు తక్కువ తింటాయి, కానీ ఎక్కువ కాలం నిలవవు. అందులోనూ మా ప్రాణాలు తోడేసేది నీలమే.

మొదటి రోజు వెలుగు వంద అనుకుంటే, మూడు నెలలపాటు మీటరు అంకె తొంభైకి తగ్గకపోతే తెర పాసైనట్టే, నా ఉద్యోగం కూడా ఖాయం. సెట్టింగులు ఎవరినీ ముట్టుకోనివ్వకు. పసివాడి కబురు రాయి.

నీ అశ్వి


ఉదయగిరి,
ఏప్రిల్ 22

ప్రియమైన అశ్వితకు,

అంకె తొంభై ఆరు. డాక్టర్ గారు తెగ మెచ్చుకుంటున్నారు. "మీ చెల్లెలి తెరలో బిడ్డలంతా ఎర్రగా కళకళలాడతా ఉండారమ్మా" అన్నారు. నిజమే, నెల రోజులుగా ఒక్క బిడ్డనూ నెల్లూరు పంపలేదు.

మాలకొండమ్మ మాత్రం గొణుగుతోంది. "పాలు తాగతా తాగతానే అలిసిపోతా ఉండాడు. ఏందో నాకు బాగలేదమ్మా" అంటుంది. మేకలు కాసుకునే మనిషి, ఊరికే బెదిరే రకం కాదు. నాకూ ఇవాళ వాడి మూతి దగ్గర ఏదోలా అనిపించింది. ఎండకు నా కళ్ళే మసకబారాయేమో. నీ అంకె బాగుంది, సంతోషించు.

విజయక్క


చెన్నై,
ఏప్రిల్ 30

ప్రియమైన అక్కా,

నిన్నటి నుంచి చేస్తున్నా నీ ఫోన్ కలవడం లేదు. డాక్టర్ గారికి మెసేజ్ పెట్టాను, చూడలేదు. బస్సు డ్రైవర్ పెంచలప్రసాద్‌ను బతిమాలి ఇది నీ చేతికే ఇవ్వమన్నాను. ముందు ఆ తెర ఆపించు.

బిడ్డలంతా ఎర్రగా ఉన్నారని రాశావు. అది చదివాకే అనుమానం వచ్చింది. ఇక్కడ మా ల్యాబులో ఉన్న దాని జోడు తెరను రంగు రంగుగా విడదీసి కొలిచాను. నీలం సగానికి సగం పోయింది. మేము కొలిచేది మొత్తం వెలుగును. అందులో ఆకుపచ్చదే పెద్ద వాటా, నీలానిది పిసరంత. నీలం చచ్చినా అంకె పడదు. కొలత అలా పెట్టింది నేనే అక్కా.

ఆ తెరలో నీలం పెదవి ఎర్రగానే కనిపిస్తుంది. పసివాణ్ణి నీ కళ్ళతో చూడు. నాకు చాలా భయంగా ఉంది.

అశ్వి


ఉదయగిరి,
మే 2

అశ్వితకు,

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను సీతారామపురంలో ఉన్నాను, అక్కడ సిగ్నల్ లేదు. మంగళవారం తెల్లారేసరికి పసివాడు పోయాడు. మట్టి చేసి, వాళ్ళ దగ్గరే ఉండి నిన్న తిరిగొచ్చేసరికి పెంచలప్రసాద్ నీ ఉత్తరంతో ఉన్నాడు.

కొలత తప్పని నీకు తెలియదు. నాకు తెలిసింది వేరే. ఇరవై రెండున వాడి పెదవులు నీలంగానే ఉన్నాయి. నీకు ఏదోలా అని రాశాను గానీ, నీలమని రాయలేదు. "సార్, నీలంగా ఉండాదే" అని డాక్టర్ గారితో అన్నాను. "నాకు ఎర్రగానే కనపడతా ఉండాదమ్మా" అన్నారు. నా చెల్లెలు చేసిన తెర తప్పు చూపదనుకున్నాను. నీ ఉద్యోగం కూడా గుర్తొచ్చింది, అబద్ధమెందుకు. "ఎర్రగానే ఉండాడు, నీ కళ్ళకే కనపడట్లేదు అవ్వా, పో" అని మాలకొండమ్మను నేనే పంపించేశాను.

మట్టి చేశాక ఆమె నాకే మంచినీళ్ళిచ్చి, మేకల దగ్గరికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

తెర ఆపించాను. ట్రస్టు వాళ్ళేమో ఇంకో పదకొండు క్లినిక్కులకు ఇవే కావాలని మీ కంపెనీకి రాశారట. జరిగింది జరిగినట్టు రేపు నేను ట్రస్టుకు రాసి ఇస్తున్నాను. అందులో తప్పు చేసినవాళ్ళలో మొదటి పేరు నాది. రెండో పేరు నేను రాయను, నువ్వే వచ్చి రాయి.

విజయకుమారి